30కి 29 వచ్చినా ఆవిడ చెప్పేది నిజమే: ఎంఎస్‌లో మంచం పక్కన మెదడు పరీక్ష

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరు ఒక జిల్లా ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ పీజీ. మీ ఓపీకి వచ్చే 33 ఏళ్ల బ్యాంకు ఉద్యోగినికి ఆరేళ్లుగా మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, అంటే మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల పైపొర దెబ్బతినే జబ్బు) ఉంది. నడక బాగానే ఉంది. కానీ "కౌంటర్‌లో లెక్క తప్పుతోంది, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బుర్ర ఆగిపోతోంది" అంటున్నారు. మీరు ఎంఎంఎస్‌ఇ (మతిమరుపును పట్టడానికి వాడే 30 మార్కుల చిన్న పరీక్ష) చేస్తే 30కి 29 వచ్చింది. మీ దగ్గర ఆలోచన, జ్ఞాపకం లాంటివాటిని పూర్తిగా పరీక్షించే న్యూరోసైకాలజిస్టు లేరు, చేతిలో ఉన్నది 15 నిమిషాలు. ఇది టెన్షన్ వల్లేనా, ఇంకేమైనా పరీక్ష చేయాలా అని అడిగారు.

ముందుగా ఆవిడ చెప్పేది నమ్మండి. ఎంఎంఎస్‌ఇలో 29 వచ్చినంత మాత్రాన ఆవిడకు ఇబ్బంది లేదని కాదు. ఆవిడకున్న ఇబ్బంది గురించి ఆ పరీక్ష అసలు అడగనే లేదు. 1975లో ఫోల్‌స్టీన్, ఆయన సహచరులు తయారుచేసిన ఆ పరీక్షలో 10 మార్కులు తేదీకీ స్థలానికీ, 8 మార్కులు భాషకూ పోతాయి. మూడు మాటలు గుర్తుంచుకోవాలి, కొంచెం లెక్క చేయాలి, ఒక బొమ్మ గీయాలి. వీటిలో దేనికీ మనం గడియారం చూడం. ఈరోజు ఏ వారమో చెప్పడానికి రెండు సెకన్లు పట్టినా, పన్నెండు సెకన్లు పట్టినా అదే ఒక మార్కు. ఎంఎస్‌లో చాలామందికి ముందుగా తగ్గేది ఆ వేగమే. ఆవిడ దేన్నీ మర్చిపోలేదు, ప్రతి పనికీ ఎక్కువ సమయం పడుతోంది. కౌంటర్ ముందు పదిమంది నిలబడితే ఆ తేడా బయటపడుతుంది, మీ ఓపీ గదిలో పడదు.

కారణం మీకు తెలిసిందే. మైలిన్ అనే పైపొర పోయిన నరాల్లో సంకేతం నెమ్మదిస్తుంది, కొన్నిచోట్ల ఆగిపోతుంది. రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కల్లోసమ్‌లో మచ్చలుంటాయి. మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లోనూ ఉంటాయి, మామూలు ఎంఆర్‌ఐలో అవి చాలావరకు కనబడవు. మెదడు మధ్యలో సంకేతాలను అటూ ఇటూ పంపే థలామస్ చిక్కిపోతుంది. గుంతలు పడ్డ రోడ్డు మీద బస్సు ఊరికి చేరుతుంది, కాకపోతే ఆలస్యంగా చేరుతుంది. ఒకేసారి నాలుగు బస్సులు పంపితే అన్నీ ఇరుక్కుంటాయి. "ఇద్దరు ఒకేసారి మాట్లాడితే" అని ఆవిడ చెబుతున్నది సరిగ్గా అదే.

ఇది కొత్త విషయమేమీ కాదు. 1868లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో ఈ జబ్బును విడిగా గుర్తించి వర్ణించిన ఫ్రెంచ్ డాక్టరు షార్కో, రోగుల్లో జ్ఞాపకశక్తి తగ్గడాన్నీ ఆలోచనలు నెమ్మదించడాన్నీ కూడా గమనించి రాశారు. ఆ తర్వాత చాలాకాలం డాక్టర్ల దృష్టి నడక, చూపు, మూత్రం దగ్గరే ఆగిపోయింది. ఎంఎస్‌లో వైకల్యాన్ని కొలవడానికి మనం రోజూ వాడే ఈడీఎస్ఎస్ కూడా నడకకే ఎక్కువ బరువిస్తుంది. 1991లో స్టీఫెన్ రావు బృందం ఆస్పత్రులకు వచ్చేవారిని మాత్రమే కాకుండా సమాజంలో ఉన్న ఎంఎస్ వారిని పరీక్షించి, దాదాపు 43 శాతం మందిలో ఆలోచనాశక్తి దెబ్బతిందని చూపించింది. నన్ను ఎక్కువగా కదిలించింది ఆ అధ్యయనం రెండో భాగం. శారీరక వైకల్యం ఒకే స్థాయిలో ఉన్నా, ఆలోచనాశక్తి తగ్గినవారు ఉద్యోగాల్లో తక్కువగా ఉన్నారు, ఇంటిపనిలోనూ ఎక్కువ కష్టపడుతున్నారు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో లెక్కల టీచరు ఒకావిడ వచ్చేవారు. తేదీ అడిగితే చెప్పారు, ప్రధానమంత్రి పేరు చెప్పారు, నాతో చక్కగా మాట్లాడారు. కేస్ షీట్‌లో "హయ్యర్ మెంటల్ ఫంక్షన్స్ నార్మల్" అని రాశాను. మూడేళ్లపాటు ప్రతిసారీ అదే వాక్యం రాశాను. ఆ మూడేళ్లలో ఆవిడను పదో తరగతి నుంచి ఆరో తరగతికి, అక్కణ్నుంచి రికార్డుల పనికి మార్చారు. బద్ధకం పెరిగిందని స్కూల్లో అనుకున్నారట. నేను రాసిన కాగితం కూడా ఆ మాటకే బలమిచ్చింది. ఒక్కసారి గడియారం చేతిలో పట్టుకుని పరీక్షించి ఉంటే మొదటి ఏడాదే తెలిసేది. ఆ తప్పు నాది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక పరీక్ష సంగతి. మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు కళ్లకూ, నాలుకకూ, చేతికీ కేటాయించండి. ఎంఎస్‌లో ఆప్టిక్ న్యూరైటిస్, అంటే కంటి నరం వాపు, మామూలే. కళ్లు రెండూ కలిసి కదలకపోవడం, కనుగుడ్లు అదరడం కూడా తరచూ ఉంటాయి. అక్షరాలు సరిగా కనబడని మనిషికి చూసి చదివే పరీక్ష పెట్టి స్కోరు తగ్గిందంటే, మనం కొలిచింది కంటిని. దగ్గరి చూపు చార్టు చదివించండి, కళ్లజోడు పెట్టుకోమనండి. మాట ముద్దగా వస్తుంటే 1 నుంచి 20 వరకు వీలైనంత వేగంగా లెక్కపెట్టమని, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. నోటి వేగమే తక్కువగా ఉంటే తర్వాత వచ్చే స్కోరును ఆ లెక్కలోనే చూడాలి. చెయ్యి వణుకుతుంటే రాసే పరీక్షలు వద్దు.

వేడినీ, అలసటనూ కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒంటికి శ్రమ కలిగితే ఎంఎస్ ఉన్నవారి చూపు తాత్కాలికంగా తగ్గుతుందని 1890లోనే జర్మన్ కంటి డాక్టరు ఉట్‌హాఫ్ రాశారు, ఒళ్లు వేడెక్కడమే దానికి కారణమని తర్వాత తెలిసింది. రోహిణి కార్తెలో రెండు బస్సులు మారి, మధ్యాహ్నం ఒంటిగంటదాకా ఓపీ వరుసలో నిలబడ్డ మనిషిని అప్పుడే పరీక్షిస్తే ఏం తెలుస్తుంది? ఉదయాన్నే రమ్మనండి. ఫ్యాను కింద కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, తర్వాత మొదలుపెట్టండి. జ్వరం ఉన్నా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఈమధ్యే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇంజెక్షన్లు తీసుకున్నా పరీక్ష వాయిదా వేయండి. స్టెరాయిడ్లు కొంతకాలం జ్ఞాపకాన్ని తగ్గిస్తాయి.

మందుల చీటీ కూడా ఒకసారి పైనుంచి కిందికి చదవండి. కండరాల బిగుతుకు బాక్లోఫెన్, మూత్రానికి ఆక్సీబ్యుటినిన్, నొప్పికి గాబాపెంటిన్, నిద్రకు అమిట్రిప్టిలిన్ లేదా క్లోనాజెపామ్. ఒక్కొక్కటీ ఒక్కో డాక్టరు రాసి ఉంటారు, నాలుగూ కలిసి బుర్రను మొద్దుబారుస్తాయి. ఒక్క మందు తగ్గించగానే తేరుకున్నవారిని నేను చూశాను.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక్కటే చేయడానికి టైమ్ ఉంటే సింబల్ డిజిట్ మోడాలిటీస్ టెస్ట్ చేయండి, ఎస్‌డీఎంటీ అంటాం. ఆరన్ స్మిత్ 1973లో ప్రచురించిన పరీక్ష ఇది. కాగితం పైన తొమ్మిది గుర్తులు, వాటి కింద 1 నుంచి 9 అంకెలు ఉంటాయి. దిగువన గుర్తులు మాత్రమే వరుసగా ఉంటాయి. పైన చూసి ప్రతి గుర్తుకూ సరైన అంకె చెప్పాలి. మొదటి పది సాధన కోసం. తర్వాత 90 సెకన్లలో ఎన్ని సరిగ్గా చెప్పారో అదే స్కోరు, గరిష్ఠం 110. ఎంఎస్‌లో నోటితో చెప్పించే పద్ధతే వాడండి. చేతి బలహీనత అడ్డురాదు. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టదు. పేషెంట్లు దీన్ని ఓర్చుకుంటారు. ఇంతకుముందు వాడుతూ వచ్చిన పాసాట్ అనే పరీక్షలో మూడు సెకన్లకొకటి చొప్పున అంకెలు వినిపిస్తూ, ప్రతి అంకెనూ దాని ముందుదానితో కూడమంటారు. అది నిజంగా ఏడిపించే పరీక్ష. మధ్యలో లేచి వెళ్లిపోయినవారున్నారు. దాన్ని మీరు వాడనక్కర్లేదు.

ఎస్‌డీఎంటీ ఫారానికి కాపీరైటు ఉంది, మీ డిపార్ట్‌మెంట్ తరఫున కొనిపించండి. మీరే గుర్తులు గీసి చేసి, దాన్ని ఎస్‌డీఎంటీ స్కోరుగా రాయొద్దు. పదో తరగతితో చదువు ఆపినవారికి పాశ్చాత్య దేశాల సగటును నేరుగా తగిలించొద్దు కూడా. ఈ స్కోరు అసలు ఉపయోగం, ఆ మనిషిని ఆ మనిషితోనే పోల్చుకోవడం. ఈ ఏడాది వచ్చినదానికంటే వచ్చే ఏడాది 4 పాయింట్లు, లేదా పదో వంతు తగ్గితే దాన్ని పట్టించుకోవాల్సిన మార్పుగా తీసుకుంటారు. అమెరికాలోని నేషనల్ ఎంఎస్ సొసైటీ 2018లో చేసిన సిఫార్సు కూడా ఇదే పద్ధతి: జబ్బు తెలిసిన కొత్తలోనే ఒకసారి కొలిచి పెట్టుకోవడం, తర్వాత ఏడాదికోసారి మళ్లీ కొలవడం.

ఇక్కడ మన భాషకు సంబంధించిన విషయం ఒకటుంది, పుస్తకాల్లో దొరకదు. మనవాళ్లు ఫోన్ నంబరు ఎలా చెబుతారో గమనించండి. ఎక్కువమంది "నైన్ ఎయిట్ ఫోర్" అనే అంటారు. తెలుగు అంకెలు పొడవైనవి. ఎనిమిదిలో నాలుగు అక్షరాలు, తొమ్మిదిలో మూడు, నాలుగులో మూడు. ఇంగ్లిష్ అంకెలు దాదాపు అన్నీ ఒక్క పలుకులో అయిపోతాయి. 90 సెకన్ల పరీక్షలో, వరుసగా అంకెలు గుర్తుంచుకునే పరీక్షలో ఈ తేడా స్కోరును కదిలిస్తుంది. కాబట్టి "మీకు లెక్క ఏ భాషలో సులువు?" అని ముందే అడగండి. ఆ భాషలోనే చేయండి, కేస్ షీట్‌లో ఏ భాషో రాయండి, వచ్చే ఏడాది అదే భాషలో చేయండి. లేకపోతే భాష మారినందుకు వచ్చిన తేడాను జబ్బు ముదిరిందని పొరబడతారు.

ఎస్‌డీఎంటీ ఫారం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నెలల పేర్లు డిసెంబరు నుంచి జనవరికి వెనక్కి చెప్పించి సెకన్లు లెక్కపెట్టండి. అంకెల వరుస ముందుకు ఎన్ని, వెనక్కి ఎన్ని చెప్పగలరో చూడండి. వెనక్కి చెప్పేవి ముందువాటికంటే ఒకటి రెండు తగ్గడం మామూలే, అంతకుమించి తగ్గితే గమనించాలి. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెబుతారో రాసుకోండి. ఎన్ని చెప్పారన్నదే కాదు, ఎలా చెప్పారో కూడా చూడండి. మొదటి 15 సెకన్లలో ఇంటి జంతువులన్నీ గబగబా చెప్పి, తర్వాత అడవిలోకి మారలేక ఆగిపోయేవారుంటారు. "క"తో మొదలయ్యే మాటలు అడిగితే కా, కి, కు గుణింతం అంతా లెక్కలోకి వస్తుందని ముందే చెప్పండి, లేకపోతే కొందరు "క" దగ్గరే నిలిచిపోతారు. వీటికి ఎంఎస్‌లో మన జనాభాకు తగిన కొలమానాలు లేవనే అనుకుని వాడండి, సెకన్లూ తప్పులూ రాసి పెట్టుకుంటే మరుసటి ఏడాదికి అవే మీ కొలమానాలవుతాయి.

రెండోది జ్ఞాపకం. ఐదు మాటలు చెప్పండి, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. గొడుగు, మేక, చింతపండు, గుడి, ఎరుపు అనుకోండి. తిరిగి చెప్పమనండి. ఐదూ రాకపోతే మళ్లీ ఐదూ చదవండి. ఐదూ వచ్చేదాకా ఎన్నిసార్లు చదవాల్సి వచ్చిందో రాయండి. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ అడగండి. ఎంఎస్‌లో తరచూ కనబడే తీరు ఏమిటంటే, మొదటిసారి రెండో మూడో మాటలే వస్తాయి, నేర్చుకోవడానికి నాలుగైదుసార్లు పడుతుంది, కానీ ఒకసారి పట్టుకున్నాక చాలావరకు నిలుస్తాయి. సమాచారం లోపలికి వెళ్లడం నెమ్మది. అల్జీమర్స్‌లో దీనికి భిన్నంగా ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా కాసేపటికి జారిపోతాయి, "అదొక జంతువు" అని అందించినా రాదు. మాటలు ఎన్ని మిగిలాయన్నది మాత్రమే రాసి, ఎన్నిసార్లు చదివారో రాయకపోతే ఈ తేడా పోతుంది. ఇదే ఆవిడకు ఇచ్చే సలహాగా కూడా మారుతుంది: కొత్త విషయం ఏదైనా తొందరపడకుండా, రెండుమూడుసార్లు, చుట్టూ చప్పుడు లేనప్పుడు వినాలి.

2012లో వివిధ దేశాల నిపుణులు కలిసి బైకామ్స్ అని ఒక చిన్న పరీక్షల కట్ట సూచించారు. ఎస్‌డీఎంటీ, ఒక మాటల జాబితా, ఒక బొమ్మల జ్ఞాపకం, మొత్తం 15 నిమిషాలు. నేను పైన చెప్పిన పద్ధతికి నమూనా అదే. ఎంఎంఎస్‌ఇ లాంటిదే మరో చిన్న పరీక్ష, మోకా సంగతేమిటని మీరు అడగొచ్చు. ఎంఎంఎస్‌ఇ కంటే మెరుగు, తెలుగులో దొరుకుతుంది, మెదడు ముందుభాగం (ఫ్రంటల్ లోబ్) చేసే ప్రణాళిక, అదుపు లాంటి పనులను కొంత పట్టుకుంటుంది. వేరే ఏమీ లేకపోతే అది చేయండి. వేగం మాత్రం అందులోనూ దాదాపు తప్పించుకుంటుంది.

ఫ్రంటల్ పనులకు రెండు నిమిషాలు చాలు. పిడికిలి, అరచేతి అంచు, అరచెయ్యి అని లూరియా పరీక్షలోని మూడు భంగిమలు వరుసగా చేయించండి, చెయ్యి బలహీనంగా ఉంటే వదిలేయండి. నేను ఒకసారి తడితే మీరు రెండుసార్లు తట్టండి, రెండుసార్లు తడితే తట్టొద్దు అనే పరీక్ష ఒకటి. మామిడిపండుకీ అరటిపండుకీ పోలిక ఏమిటని ఒక ప్రశ్న. సామెతలకు అర్థం అడగడం నేను మానేశాను. అది చదువునూ పెరిగిన ఊరినీ కొలుస్తుంది.

మనసు గురించి అడగకుండా ఈ పరీక్ష పూర్తి కాదు. ఎంఎస్ ఉన్నవారిలో దాదాపు సగం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు లోనవుతారు. డిప్రెషన్ కూడా ఆలోచనను నెమ్మదింపజేస్తుంది. డిప్రెషన్‌ను పట్టే తొమ్మిది ప్రశ్నల పత్రం పీహెచ్‌క్యూ-9 తెలుగులో అడగండి. చనిపోవాలన్న ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్నను మొహమాటంతో దాటవేయొద్దు, ఎంఎస్‌లో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువే. లోపల బాధ లేకుండానే ఏడుపు గానీ నవ్వు గానీ ఆపుకోలేకుండా వస్తోందా అని కూడా అడగండి. అది డిప్రెషన్ కాదు, దానికి వేరే మందులున్నాయి. డిప్రెషన్ ఉందని తేలితే మాత్రం, "అదీ సంగతి, అంతా టెన్షనే" అని ఫైలు మూసేయొద్దు. రెండూ కలిసే ఉంటాయి. వైద్యం చేసి మూడు నెలలకు మళ్లీ కొలవండి.

ఇంట్లోవాళ్లనూ అడగాలి, కానీ అడిగే తీరు ముఖ్యం. బెనెడిక్ట్ బృందం తయారుచేసిన 15 ప్రశ్నల పత్రం ఒకటుంది, ఎంఎస్‌ఎన్‌క్యూ. దానితో తేలిందేమిటంటే, పేషెంట్ తన గురించి చెప్పుకునేది తన మనసు స్థితికి దగ్గరగా ఉంటుంది, ఇంట్లోవారు చెప్పేది పరీక్షల ఫలితాలకు దగ్గరగా ఉంటుంది. మన ఇళ్లకు తగ్గట్టు అడగండి. గ్యాస్ కట్టేయడం మర్చిపోతున్నారా? వంట చేస్తూ పిల్లల హోంవర్క్ చూడగలుగుతున్నారా? చిల్లర లెక్కలో తడబడుతున్నారా? సీరియల్ కథ నిన్నటిదాకా ఏమైందో చెప్పగలరా? పెళ్లిలో, ఫంక్షన్‌లో నలుగురి మధ్య మాట అందుకోలేక మౌనంగా ఉండిపోతున్నారా?

కానీ ఆవిడ అనుమతి తీసుకుని అడగండి. ఎవరిని అడగాలో కూడా ఆవిడనే చెప్పమనండి. అత్తగారి ముందు, ఆడపడుచు ముందు "మతిమరుపు ఎంత ఉంది?" అని డాక్టరు అడిగితే, ఆ మాట ఆ ఇంట్లో ఎన్నేళ్లు తిరుగుతుందో మనకు తెలియదు. "మెదడు దెబ్బతింది" అనే మాట నేను వాడను. "మీ తెలివి అలాగే ఉంది, పని వేగం తగ్గింది, ఒకేసారి రెండు పనులు కష్టమవుతున్నాయి" అంటాను. నిజం అదే కాబట్టి అలా అంటాను.

తగ్గుదల కనబడితే కొన్ని చూసుకోవాలి. బి12, థైరాయిడ్, హీమోగ్లోబిన్ చూడండి. గురక, నిద్ర గురించి అడగండి. కొన్ని వారాల్లోనే త్వరగా తగ్గితే అది కొత్త రిలాప్స్ (జబ్బు మళ్లీ విజృంభించడం) కావచ్చు, కొత్తగా ఎంఆర్‌ఐ కావాలి. ఆవిడ నటాలిజుమాబ్ అనే ఎంఎస్ మందు మీద ఉండి ప్రవర్తన, మాట, ఆలోచన మారుతుంటే పీఎంఎల్ (ఆ మందుతో అరుదుగా వచ్చే ప్రమాదకరమైన మెదడు ఇన్ఫెక్షన్) గుర్తుకు రావాలి, అదే రోజు న్యూరాలజిస్టుకు ఫోన్ చేయాలి. అల్జీమర్స్ మందులు రాయాలనిపిస్తుంది. డోనెపెజిల్ పెద్ద ట్రయల్‌లో ఉపయోగపడలేదు, మెమాంటిన్‌తో ఎంఎస్ లక్షణాలు కొందరిలో పెరిగాయి. వద్దు. ఉపయోగపడేది శిక్షణ, వ్యాయామం, పని ఏర్పాటులో మార్పు. పూర్తి న్యూరోసైకాలజీ పరీక్ష కావాలంటే బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోటుకు పంపండి, కానీ అక్కడి అపాయింట్‌మెంట్ దొరికేదాకా మీ 15 నిమిషాల పరీక్ష ఆగకూడదు.

కేస్ షీట్‌లో "నార్మల్" అనే ఒక్క మాట రాయొద్దు. తేదీ, టైమ్, గది చల్లగా ఉందా, కళ్లజోడు పెట్టుకున్నారా, భాష, ఎస్‌డీఎంటీ స్కోరు, నెలలు వెనక్కి ఎన్ని సెకన్లు, ఐదు మాటలకు ఎన్నిసార్లు చదివారు, పదిహేను నిమిషాలకు ఎన్ని మిగిలాయి, పీహెచ్‌క్యూ-9 ఎంత, ఏయే మందులు. నాలుగు లైన్లు అవుతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. ఆవిడ రేపు సదరం క్యాంపుకు వెళ్లినా, కౌంటర్ నుంచి వెనక టేబుల్‌కు మార్చమని మేనేజరును అడిగినా, చక్కగా నడిచి వచ్చే మనిషి కష్టాన్ని చూపించే కాగితం మీరు రాసిన ఆ నాలుగు లైన్లే.

ఈ వారంలో ఒక ఉదయం ఆవిడను తొమ్మిదింటికి రమ్మనండి. కళ్లజోడు, వాడుతున్న మందులన్నీ వెంట తెచ్చుకోమని ఫోన్‌లోనే చెప్పండి.